బిన్నీకి తెలుసు

పుష్పవతిది చిన్నపిల్ల గొంతు. ముప్పై నాలుగేళ్ళు వచ్చినా, ఇద్దరు పిల్లల తల్లయినా, ఆఫీసులో ఫోనెత్తి హలో అంటే అవతలివాళ్ళు "పెద్దవాళ్ళెవరైనా ఉంటే పిలు పాపా" అనేవారు. పోర్ట్‌బ్లెయిర్‌లో డిగ్నాబాద్ పేటలోని తెలుగు చర్చిలో క్రిస్మస్‌కు పిల్లల పాట ఎత్తుకోవాలంటే పిల్లలకంటే ముందు ఆమెనే నిలబెట్టేవారు. వారమంతా టైపు మిషను ముందు కూర్చునే ఆ మనిషి, ఆ గొంతు పుణ్యమా అని, ఆ ఊళ్ళోనే ఒక చిన్న టీవీ స్టూడియోలో శనివారాలు ఇంకో బతుకు బతికేది. అక్కడ ఆమె పేరు బిన్నీ.

బిన్నీ అంటే చేతికి తొడుక్కుని వేళ్ళతో నోరు ఆడించే గుడ్డబొమ్మ. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, చుక్కల గౌను. దానికో అన్న ఉన్నాడు, జుగ్గూ. వాడికి నిక్కరు, కళ్ళజోడు. బడిపిల్లల కోసం వారం వారం వచ్చే హిందీ పాఠాల్లో ఈ అన్నాచెల్లెళ్ళు కనిపించేవారు. వాన ఎలా కురుస్తుందో, ఓడ ఎందుకు మునగదో జుగ్గూ చెప్పేవాడు. బిన్నీ అడిగేది. అడగడం, ఆశ్చర్యపోవడం, అంతే దాని పని. "క్యోం భయ్యా?" అనేది, ఎందుకన్నయ్యా అని. జుగ్గూ చెప్పింది విని, "అచ్ఛా! ముఝే తో పతా హీ నహీం థా!" అనేది. అయ్యో, నాకు తెలియనే తెలియదే అని. ఆ మాట అనేటప్పుడు పుష్పవతి ఒక సన్నపుల్లతో బొమ్మ చేతిని బుగ్గకు ఆనించేది. రొట్టె పాఠంలో పిండి కలిపింది బిన్నీ, వత్తింది బిన్నీ, కాల్చిందీ బిన్నీయే. అది ఎందుకు పొంగిందో చెప్పింది మాత్రం జుగ్గూ.

ఆరేళ్ళుగా ఇదే వరస. పుష్పవతికి అందులో వింతేమీ తోచలేదు. పాఠాలు రాసేది, తీసేది బిశ్వాస్ సార్. ఉత్తరాన డిగ్లీపూర్ వైపు వరి పండించుకునే బెంగాలీ కుటుంబంలోంచి చదువుకుని పైకి వచ్చిన మనిషి. పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పాలన్న తపన ఆయనకు నిజంగానే ఉండేది. జుగ్గూకు గొంతిచ్చేది దేవకుమార్. ఊరి శివార్లలో గరాచర్మలో ఉంటాడు, పుష్పవతి వెళ్ళే చర్చికే వస్తాడు, ఆమెను నోరారా అక్కా అని పిలుస్తాడు. రాసిచ్చింది ఇద్దరూ శ్రద్ధగా పలికేవారు.

తొంభై నాలుగు జనవరిలో బిశ్వాస్ సార్‌కు ఒక ఆలోచన వచ్చింది. సముద్రం మీద పాఠం స్టూడియోలో నీలం గుడ్డ పరిచి కాకుండా సముద్రం దగ్గరే తీయాలని. ఆయనా, పుష్పవతీ, దేవకుమార్, కెమెరా పట్టే దానయ్యా కలిసి బొమ్మల పెట్టెతో ఓడెక్కి ఉత్తరానున్న మాయాబందర్‌లో దిగారు. పౌర్ణమి దగ్గరపడుతున్న రోజులు. జెట్టీ నుంచి జీపులో రెండు మలుపులు తిరిగి, జాలరుల ఇళ్ళున్న ఒక ఒడ్డుకు చేరేసరికి మధ్యాహ్నం మూడైంది.

అక్కడ సముద్రం లేదు.

పుష్పవతి పుట్టింది, పెరిగింది దీవుల్లోనే. కానీ ఊరిలోని సముద్రాన్ని రోడ్డు మీద నుంచి, రాతి గోడ మీదుగా చూడటమే ఆమెకు తెలుసు. ఇక్కడ నీళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయి, అడుగున దాగిన నేలంతా ఎండలోకి వచ్చి మెరుస్తోంది. పాచిపట్టిన బండలు, పగడపు దిబ్బలు, మధ్య మధ్య ఆకాశం ముక్కల్లా నిలిచిపోయిన గుంటలు. చాలా దూరంలో తెల్లటి గీత ఒకటి కదులుతోంది. అదీ సముద్రం. ఆమె చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

బిశ్వాస్ సార్ గడియారం చూసుకున్నారు. "సరిగ్గా మూడు. రేపు కూడా మూడింటికి ఇక్కడే ఉండాలి" అన్నారు హిందీలో. నీటి అంచున ఒక నల్ల బండను చూపించారు. "జుగ్గూ ఆ బండ మీద నిలబడి చెబుతూ ఉంటే వెనక నీళ్ళు తిరిగి రావాలి. ఎల్లుండి పొద్దున్నే మన ఓడ. అంటే రేపటి ఒక్క ఛాన్సే."

రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు అని ఆయన చదివిన పుస్తకంలో ఉంది. కాబట్టి రేపూ ఇదే వేళకు అని ఆయన లెక్క. వరిపొలాల మనిషికి అంతకుమించి ఎలా తెలుస్తుంది?

దాహమేసి పుష్పవతి ఒడ్డున ఉన్న మొదటి ఇంటి దగ్గరకు వెళ్ళింది. వాకిట్లో ఒక పిల్ల వల చిక్కు తీస్తోంది. పదకొండేళ్ళుంటాయి.

"కొంచెం మంచినీళ్ళిస్తావా అమ్మా?" అంది పుష్పవతి.

పిల్ల చేతిలో వల జారిపోయింది. నోరు తెరుచుకుని లేచి నిలబడింది. ఇంట్లోకి పరుగెత్తబోయి ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చి పుష్పవతి మొహంలోకి, ఆ మొహంలో ఇంకెవర్నో వెతుకుతున్నట్టు చూసింది.

"నువ్వు బిన్నీవి!" అంది.

ఆ పిల్ల పేరు సీతాలు. బడిలో టీవీ పెట్టిన దగ్గర్నుంచి ఒక్క పాఠం కూడా తప్పకుండా చూసిందట. పుష్పవతి పెట్టె తెరిచి బిన్నీని చేతికి తొడుక్కుని "నమస్తే సీతాలూ" అంటే, ఆ పిల్ల రెండు చేతులూ వెనక్కి దాచేసుకుంది. ముట్టుకోవచ్చు అంటే ఒక్క వేలితో రిబ్బన్ను తాకింది. తరువాత అడిగింది.

"దీదీ, బిన్నీకి ఎప్పుడూ ఏటీ తెల్దేటి?"

పుష్పవతి నవ్వేసింది. "చిన్నపిల్ల కదమ్మా. అందుకని వాళ్ళ అన్నను అడుగుతుంది."

"నాకంటే చిన్నదేటి? నాకు తెల్సు కదా. మా క్లాసులో ఆడగుంటలందరికీ ఎన్నో తెల్సు. బిన్నీకే ఏటీ తెల్దు." ఆ పిల్ల గొంతులో కోపం లేదు. జబ్బుమనిషి గురించి అడిగినట్టు అడిగింది. "దానికెవులూ సెప్పరా?"

పుష్పవతి నవ్వు ఆగిపోయింది. చేతికి ఉన్న బొమ్మ వంక చూసింది. ఆరేళ్ళుగా లోపల తన వేళ్ళే ఉన్నాయి, తన గొంతే ఉంది. ఈ ప్రశ్న మాత్రం ఒక్కసారీ తనకు రాలేదు. దాన్నుంచి తప్పించుకోవడానికే అన్నట్టు, "నీకేం తెలుసో చెప్పు మరి" అంది.

"సంద్రం ఎప్పుడెల్లిపోద్దో, ఎప్పుడొస్తాదో తెల్సు. రేపు పాటు పావుతక్కువ నాలుక్కి" అంది సీతాలు తడుముకోకుండా. పాటు అంటే నీళ్ళు వెనక్కి తగ్గడం.

"మా సార్ మూడు అంటున్నారే."

"ఇయాల మూడు. రేపు పావుతక్కువ నాలుగు. ఎల్లుండి నాలుగున్నర." పిల్ల పుష్పవతి చెయ్యి పట్టుకుని ఇంటి పక్కకు లాక్కెళ్ళింది. అక్కడ నేలలో ఒక గుంజ పాతి ఉంది. దాని చుట్టూ మట్టిలో గవ్వలు వంపుగా గుచ్చి ఉన్నాయి, ఒక్కొక్కటీ జానెడు దూరంలో. గుంజ నీడ ఒక గవ్వకు కాస్త అవతలగా పడుతోంది. "మా మామ్మ పెట్టినాది. మా నాన్న బుల్లోడప్పుడు."

మామ్మ పేరు తాతమ్మ. అరవై దాటిన మనిషి, చెక్కలా గట్టి ఒళ్ళు. ఇంటి వెనక చేపలు ఎండబెడుతున్నదల్లా చేతులు కడుక్కుని వచ్చి, పుష్పవతికి నీళ్ళిచ్చి, మనవరాలు ఏం చూపిస్తోందో చూసి కొంచెం సిగ్గుపడింది.

"ఎవరు నేర్పారు మామ్మా మీకిది?" అని అడిగింది పుష్పవతి.

"ఎవులూ నేర్పనేదు. నానే సూసినాను."

తాతమ్మ గుమ్మంలో కూర్చుని చెప్పింది. ముప్పై ఏళ్ళ కిందట భర్తతో, చంకలో కొడుకు లక్ష్ముడితో శ్రీకాకుళం వైపు ఊరు విడిచి ఓడెక్కింది. అక్కడి సముద్రం ఒడ్డు దగ్గరే ఊగుతుంది తప్ప ఇంతింత దూరం వెనక్కి పోదు. ఇక్కడ నీళ్ళు తగ్గినప్పుడు ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని కూరకు గవ్వపురుగుల కోసం, బండల సందుల్లో చిక్కిన చేపల కోసం లోపలికి నడిచేవారు. ఒకరోజు తాతమ్మా, అప్పలకొండమ్మ అనే ఆవిడా తలొంచుకుని ఏరుకుంటూ ఉండగానే వెనక పల్లంలోంచి నీళ్ళు చుట్టేశాయి.

"మెడకాడికొచ్చినాయి బిడ్డా. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని దిబ్బ మీద నిలబడిపోనాం. దేవుడు సల్లగా సూసినాడు, పడవోళ్ళు సూసినారు. ఆ మర్నాటి నుంచి మగోళ్ళు మమ్మల్ని లోనకెల్లొద్దన్నారు. ఎల్లకపోతే తినడానికేటున్నాది? ఎల్లాలి, సావకూడదు. అందుకని సంద్రం ఎప్పుడేటి సేస్తాదో సూద్దారనుకున్నాను."

ఆమెకు గడియారం లేదు, అక్షరం ముక్క రాదు. నీళ్ళు వెనక్కి పోయి పోయి, ఇక కదలకుండా నిలిచే క్షణం ఒకటి ఉంటుంది. ఆ క్షణానికి ఈ గుంజ నీడ ఎక్కడ పడుతుందో అక్కడ ఒక గవ్వ గుచ్చింది. మర్నాడు నీడ అక్కడ లేదు, కాస్త అవతలికి జరిగింది. అక్కడ ఇంకో గవ్వ. ఆ మర్నాడు ఇంకొంచెం. పొద్దుగూకాక నీడ ఉండదు గనక, పొద్దుటి ఆటు అందేదాకా ఓపిక పట్టి మళ్ళీ గుచ్చడం మొదలుపెట్టింది. చంటిపిల్లవాణ్ణి నడుముకు కట్టుకుని ఒడ్డుకూ గుంజకూ మధ్య పరుగులు పెడుతుంటే కొత్తగా వచ్చిన ఆ వాడలో అందరూ ఆమెకు మతి చెడిందనుకున్నారు.

"పదిహేను దినాలైనాది. ఆ దినం నీళ్ళు నిలిచినాయి. పరిగెత్తుకొచ్చి సూత్తే నీడ ఎక్కడున్నాది? మొట్టమొదటి గవ్వ మీదున్నాది." తాతమ్మ చెప్పడం ఆపి గుంజ వైపు చూసింది. ముప్పై ఏళ్ళయినా ఆ చూపులో ఆ రోజు ఇంకా ఉంది. "నాకు బయమేసినాది. అంత పెద్ద సంద్రమమ్మా, మా ఇంటి గుంజ నీడ దగ్గరికి మాటిచ్చినట్టు తిరిగొచ్చినాది. ఎవులికి సెప్పుకోను? ఇక్కడే కూకుని ఏడిసినాను."

పుష్పవతి గ్లాసులో నీళ్ళు తాగడం కూడా మరచిపోయింది. చిన్నప్పటి నుంచి చర్చిలో ఎన్నో వాక్యాలు విన్నది. వేళలను, కాలాలను నిర్ణయించినవాడిని స్తుతిస్తూ పాటలు పాడింది. కానీ అలా నిర్ణయించి ఉన్నదాన్ని తన కళ్ళతో తాను పట్టుకున్న మనిషిని ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. అదీ ఒక గుమ్మంలో, చేపల వాసనలో.

"రోజుకెంత జరుగుతుందో సీతాలు ఎలా చెబుతోంది మామ్మా, గంటల్లో?"

"అది బడికెల్తన్నాది కదా. గడియారం పెట్టి సూసి, ముప్పావుగంటని అదే పట్టుకున్నాది" అంది తాతమ్మ. మనవరాలి తల మీద చెయ్యి వేసింది.

ఆ సాయంత్రం గెస్ట్‌హౌస్ వరండాలో పుష్పవతి తన కాగితాలు తీసింది. బిన్నీకి ఆరు మాటలున్నాయి. నాలుగు ప్రశ్నలు, ఒక అచ్ఛా, చివరిది ఎప్పటిదే. వాటిని పలికి చూద్దామని నోరు తెరిచింది. పలక్కుండానే కాగితాలు మడిచేసింది. ఎదురుగా కూర్చున్న దేవకుమార్‌కు తాతమ్మ సంగతంతా చెప్పింది. అతడు టీ చల్లారబెట్టుకుని విన్నాడు.

"అక్కా, నా కాగితంలో జుగ్గూకు ఇదంతా పుట్టుకతోనే తెలిసినట్టు ఉంది" అన్నాడు చివరికి.

మర్నాడు మూడింటికి అందరూ ఒడ్డున ఉన్నారు. నిన్న పొడిగా ఉన్న నల్ల బండ చుట్టూ మోకాలి లోతు నీళ్ళున్నాయి. నీళ్ళింకా మెల్లగా వెనక్కి పోతూనే ఉన్నాయి. బిశ్వాస్ సార్ గడియారం చూశారు, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు, మళ్ళీ చూశారు. దీవుల్లో పొద్దు తొందరగా వాలుతుంది. ఐదు దాటితే కెమెరాకు వెలుతురు చాలదు. ఆయన మొహం వాడిపోయింది.

"సార్, పావుతక్కువ నాలుక్కి నీళ్ళు నిలుస్తాయి" అంది సీతాలు హిందీలో. బడి నుంచి నేరుగా వచ్చింది, భుజాన సంచీ ఇంకా ఉంది.

"ఈ పాప ఎవరు? కొంచెం పక్కకు పంపండి" అన్నారు ఆయన చికాకుగా.

"ఆ పాప మాట విందాం సార్" అంది పుష్పవతి. ఆరేళ్ళలో ఆమె ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. "ఎలాగూ వేరే దారి లేదు కదా."

ఆగారు. మూడుంబావు. మూడున్నర. నీళ్ళు బండను వదిలి కిందికి దిగాయి. ఇసుక చదును అంతా బయటపడింది. ఆ చదునులో వేలకొద్దీ చిన్న చిన్న పీతలు కన్నాల్లోంచి వచ్చాయి. మినప్పప్పు గింజంతేసి ఇసుక ఉండలు చేసి కన్నం చుట్టూ వరసలుగా పేరుస్తున్నాయి. ఒక్కో కన్నం చుట్టూ ఒక్కో ముగ్గు. కనుచూపు మేరా ముగ్గులే. దానయ్య ఎవరూ చెప్పకుండానే కెమెరా దించి నేల మీద బోర్లా పడుకున్నాడు.

పావుతక్కువ నాలుగైంది. అలల చప్పుడు ఆగిపోయింది. నీటి అంచు ఎక్కడిదక్కడ నిలిచింది. గాలి కూడా లేదు. అంత పెద్ద సముద్రం ఊపిరి బిగపట్టినట్టు నిలబడింది. బిశ్వాస్ సార్ గడియారం ఉన్న చెయ్యి మెల్లగా కిందికి జారింది.

"ఇప్పుడు పీతల్ని సూడండి" అని గుసగుసగా అంది సీతాలు. "నీళ్ళు రాకముందే వాటికి తెలిసిపోద్ది."

కొద్దిసేపటికి, నీళ్ళింకా దూరంగా ఉండగానే, దిగువనున్న పీతలు కన్నాల్లోకి దూరి తడి ఇసుకతో లోపలినుంచి తలుపు మూసుకున్నాయి. వాటి తరువాత వరుస. ఆ తరువాత వరుస. ఎవరో కనిపించని చేత్తో నేలను ఒడ్డు వైపుకు సర్దుకుంటూ వస్తున్నట్టు, ఒక్కొక్క వరుసా మూతపడింది. అప్పుడు సముద్రం నుంచి వేలెడు మందాన నీటి పొర ఒకటి నిశ్శబ్దంగా బయలుదేరింది.

"యాక్షన్!" అన్నారు బిశ్వాస్ సార్, ఉలిక్కిపడి తేరుకుని.

పుష్పవతి, దేవకుమార్ బండ వెనక తడి ఇసుకలో కూలబడి బొమ్మల్ని పైకెత్తారు. మైకు మధ్యలో ఉంది. దేవకుమార్ జుగ్గూ గొంతుతో, సముద్రం ఎంత దూరం వెళ్ళిపోయిందో చూడు బిన్నీ అన్నాడు. ఇప్పుడు బిన్నీ "క్యోం భయ్యా?" అనాలి.

పుష్పవతికి గుంజ కనిపించింది, గవ్వలు కనిపించాయి. పిల్లవాణ్ణి నడుముకు కట్టుకుని పరుగెడుతున్న ఒక పడుచు తల్లి కనిపించింది.

"ముఝే పతా హై" అంది బిన్నీ.

నాకు తెలుసు. దేవకుమార్ తల తిప్పి ఆమెను చూశాడు. పైన జుగ్గూ కూడా తల తిప్పి బిన్నీని చూశాడు.

"కూర్చో భయ్యా, నేను చెబుతాను" అంది బిన్నీ హిందీలో. కొత్త ఊరికి వచ్చిన ఒక అమ్మ కథ చెప్పింది. నీళ్ళు మెడ దాకా వచ్చిన రోజు, గుంజ, నీడ, పదిహేను గవ్వలు. అదే చిన్నపిల్ల గొంతు, కానీ అందులో ఇంతకుముందెప్పుడూ లేని బరువు ఉంది. ఒక్క మాటా తడబడలేదు. "రోజుకు ఎంత ఆలస్యంగా వస్తుందో నా నేస్తం కనిపెట్టింది. సీతాలూ, ఇలా రా!" అని పిలిచింది. సీతాలు సంచీతో సహా వచ్చి బండ పక్కన నిలబడి, కెమెరా ఉందన్న మాటే మరచి, బిన్నీ కళ్ళల్లోకి చూస్తూ ముప్పావుగంట లెక్క చెప్పింది. నీళ్ళు ఆ పిల్ల పాదాలను తాకాయి, చీలమండలను ముంచాయి.

బిశ్వాస్ సార్ ఆపమనడానికి చెయ్యెత్తారు. కానీ వెనక సముద్రం వచ్చేస్తోంది. ఆపితే మళ్ళీ అలా వచ్చేది ఆయన ఓడెక్కి వెళ్ళిపోయాకే. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

సీతాలు ముగించింది. ఇప్పుడు ఎవరో ఒకరు ఏదో అనాలి. దేవకుమార్ జుగ్గూ చేతిని మెల్లగా బుగ్గకు ఆనించి, "అచ్ఛా! ముఝే తో పతా హీ నహీం థా!" అన్నాడు. ఆ గొంతులో నటన లేదు.

కెమెరా ఆగాక ఇద్దరూ, కూర్చున్నచోటే నడుము దాకా వచ్చిన నీళ్ళలోంచి లేచి వచ్చారు. బొమ్మలు మాత్రం పొడిగానే ఉన్నాయి.

"నేను రాసింది ఇది కాదు" అన్నారు బిశ్వాస్ సార్.

"కాదు సార్" అంది పుష్పవతి. చీర కొంగు పిండుకుంది. "బిన్నీకి నిన్ననే తెలిసిపోయింది సార్. తెలిసిపోయాక తెలియదని ఎలా అనిపించను?"

ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంటూ, "సరే, పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళాక గొంతులు మారుద్దాం. బొమ్మలే కదా" అని జీపు వైపు నడిచారు.

ఓడలో తిరుగు ప్రయాణమంతా పుష్పవతికి చేసిన పనికి భయం ఉంది, చింత లేదు. శనివారం స్టూడియోలో టేపు వేశారు. బొమ్మ కదులుతుండగా జుగ్గూ మాటలు ఎక్కడ అతికించాలో చూడమన్నారు సార్.

దేవకుమార్ మైకు ముందు కూర్చున్నాడు, లేచాడు. "కుదరదు సార్" అన్నాడు. "జుగ్గూ నోరు మూసుకుని ఉన్నాడు. బిన్నీ చెబుతున్నంతసేపూ వింటూనే ఉన్నాడు. మూసిన నోటితో పాఠం ఎలా చెప్పను?"

బిశ్వాస్ సార్ టేపు వెనక్కి తిప్పారు. పీతలు తలుపులు మూసుకునే చోటు చూశారు. మళ్ళీ తిప్పి చూశారు. మూడోసారి చూస్తున్నప్పుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ గవ్వలు గుచ్చిన ఆవిడకు నిజంగా ఎవరూ చెప్పలేదా?" అని అడిగారు.

"లేదు సార్."

"నేను రాసినదాంట్లో, రోజూ ఒకే వేళకు వస్తుందని ఉంది" అన్నారాయన నెమ్మదిగా. "అలాగే తీసి ఉంటే ఆ తప్పు దీవుల్లో ప్రతి బడికీ వెళ్ళేది." టేపు తీసి దాని మీద పాఠం పేరు రాశారు. గొంతులు మార్చలేదు. సొరుగులోంచి వచ్చే నెల పాఠాలు తీసి పుష్పవతి ముందు పెట్టారు. "వీటిలో బిన్నీకి ఏమేం తెలుసో మీరే చూసి రాయండి" అన్నారు.

మూడు వారాల తరువాత ఆ పాఠం వచ్చింది. ఆఫీసుకు సెలవు పెట్టి పుష్పవతి మాయాబందర్ వెళ్ళింది. బడిలో పెద్ద గది కిక్కిరిసిపోయింది. పిల్లల వెనక జాలరుల వాడ మొత్తం నిలబడింది. తాతమ్మను ముందు కూర్చోమంటే రానంది, తలుపు దగ్గరే నిలబడింది. ఆమె పక్కన కొడుకు లక్ష్ముడు.

తెర మీద బిన్నీ "ముఝే పతా హై" అనగానే గదిలో ఆడపిల్లలు ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు పుష్పవతికి స్పష్టంగా వినిపించింది. తెర మీద జుగ్గూ నోరు మూసుకుని వింటున్నాడు. గదిలో మగపిల్లలూ అలాగే విన్నారు. ఎవరూ నవ్వలేదు. సీతాలు తెర మీదికి వచ్చినప్పుడు కూడా కేకలు లేవలేదు. రంగుల్లో సముద్రం నిలిచింది, పీతలు తలుపులు మూసుకున్నాయి, నీళ్ళు వచ్చాయి. రోజూ ఆ ఒడ్డునే తిరిగే పిల్లలు దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. పాఠం అయిపోయి తెర ఖాళీ అయినా కదలలేదు.

లక్ష్ముడు తల్లి వైపు తిరిగాడు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి పడవ మీద సముద్రంలోకి వెళ్ళివస్తున్న మనిషి. వాకిట్లో గవ్వలను రోజూ దాటుకుని వెళ్ళాడు. "అమ్మా, నన్ను నడుముకు కట్టుకుని తిరిగినావా?" అన్నాడు. "ఇన్నేళ్ళు నాకు సెప్పనేదేటే?"

"నువ్వడగనేదు కదరా" అంది తాతమ్మ. నిష్ఠూరం లేదు ఆ మాటలో, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

బయటికి రాగానే తాతమ్మ పుష్పవతి చెయ్యి పట్టుకుంది. "కాసేపట్లో పాటున్నాది. వస్తావేటి లోనకి? బయం నేదు, నానున్నాను."

పుష్పవతి చీర కుచ్చెళ్ళు దోపుకుంది. ఇద్దరూ చదును దాటి, పగడపు దిబ్బల మధ్యకు నడిచారు. తాతమ్మ ఎక్కడ అడుగు వేస్తే పుష్పవతి అక్కడే వేసింది. ఒక గుంటలో నీలిరంగు చుక్కచేప ఒకటి, అయిదు చేతులూ చాపుకుని పడుకుని ఉంది. ఇంకో గుంటలో, రాతిలో ఇరుక్కుపోయిన పెద్ద చిప్ప ఒకటి నోరు తెరుచుకుని ఉంది. దాని పెదవులు నెమలికంఠం రంగులో, బతికున్న పట్టుగుడ్డలా కదులుతున్నాయి. పుష్పవతి వంగింది. ఆమె నీడ పడగానే చిప్ప నిదానంగా మూసుకుంది.

"మామ్మా, దానికి కళ్ళు లేవు కదా. నేనొచ్చినట్టు ఎలా తెలిసింది?" అని అడిగింది పుష్పవతి.

తాతమ్మ కూడా వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, చాలాసేపు ఆ చిప్పను చూసింది.

"ఏటో మరి" అంది. "నానూ సూస్తన్నాను. ఇంకా తెల్లేదు."

ఇద్దరూ నీడ పడకుండా కాస్త పక్కకు జరిగి, అది మళ్ళీ తెరుచుకునేదాకా కదలకుండా నిలబడ్డారు.